మూడు నిమిషాల కోసం రెండు పుల్లీలు

మా మావయ్య గదిలో కిటికీ అంచు మీద ఆరు చిన్న పళ్ళ చక్రాలు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటీ బిస్కెట్టంత ఉంటుంది. రెండు నల్ల ప్లాస్టిక్‌వి, పళ్ళు అరిగి మొనదేలాయి. రెండు బూడిదరంగువి. మిగతా రెండు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. గేర్ల సైకిల్ వెనక చక్రం దగ్గర, చైన్‌ను కిందికి లాగి పట్టుకునే చేతిలాంటి భాగం ఒకటుంటుంది. అందులో తిరిగేవి ఇవి. సైకిల్ షాపులో వీటిని పుల్లీలంటారు. ఒక జత తీసేసి ఇంకో జత, అదీ తీసేసి మరో జత వేయించగా మిగిలినవి ఈ ఆరు. నాలుగో జత సైకిల్‌కే ఉంది.

మావయ్య మా అమ్మకు పెద్దన్న. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి రాళ్ళు పెట్టుకుని ఊరూరా బజార్లు తిరిగేవాడు. ఆయన బజారు మొదట్లో కనిపిస్తే చాలు, కబురు చివరి కొట్టు దాకా పాకేది. కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. కబుర్లు ఉన్నపళంగా ఆగిపోయేవి. ఆయన పని ముగించుకుని మలుపు తిరిగాక మళ్ళీ మొదలయ్యేవి. ఆ కబుర్లేమిటో ఆయనకు ఏనాడూ తెలియలేదు.

ఏ కొట్టులోనూ కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. మడతపెట్టే క్యాన్వాసు స్టూలు ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. "వాళ్ళ కుర్చీలో కూర్చుంటే కాఫీ వస్తుంది. కాఫీ తాగాక త్రాసు ముల్లు నా కంటికి నిటారుగానే కనిపిస్తుంది" అనేవాడు. రెండు మూడేళ్ళకోసారి బదిలీ. పెళ్ళి ఆ బదిలీల మధ్య వాయిదా పడుతూ పడుతూ చివరికి ఎవరూ ఎత్తని మాటైపోయింది. "పెళ్ళి మాటలకని ఒకరింటికి తీసుకెళ్తే, మీ గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకుందండీ అని చెప్పొచ్చాడే మీ మావయ్య. ఆ ఒక్క ముక్కే మాట్లాడాడు" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

రిటైరయ్యాక ఒక గది, వంటిల్లు ఉన్న వాటా అద్దెకు తీసుకున్నాడు. నా హాస్టల్‌కు అరగంట దూరం. శనివారాలు నేను వెళ్ళేదాన్ని. ఆయన పేపర్ చదువుకునేవాడు, నేను నా పుస్తకం. మాట్లాడాల్సిన అవసరం లేని ఇల్లు నాకదొక్కటే తెలుసు. మొదట్లో ఒకసారి, "నన్ను చూసి ఎవరూ లేవని వీధిలో నడవడం హాయిగా ఉందే అమ్మాయ్" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ మాట అనడం మానేశాడు.

మోకాలి కోసం సైకిల్ తొక్కమని డాక్టర్ చెప్పాడు. ఎవరో వాడి అమ్మేసిన గేర్ల సైకిల్ ఒకటి కొనుక్కున్నాడు. దాంతోపాటే ఆదివారాలు వచ్చాయి.

ఊరి చివర పంపుహౌసు దగ్గర నుంచి గుట్ట మీది నీళ్ళ ట్యాంకు దాకా మెలికల రోడ్డు ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికి ముగ్గురు ఆ గుట్ట ఎక్కుతారు. ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, ఒకాయన కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు, మూడో ఆయన లెక్కల మాస్టారు. ముగ్గురూ మావయ్యకన్నా పదీ పదకొండేళ్ళు చిన్న. ఒకనాడు పంపుహౌసు దగ్గర కనిపిస్తే, "రండి సార్, కలిసి ఎక్కుదాం" అన్నారు. అలా నాలుగోవాడయ్యాడు.

కలిసి బయల్దేరడం నిజమే. మొదటి మలుపు దాకానే ఆ కలయిక. తర్వాత వాళ్ళ వీపులు చిన్నవైపోయేవి, మాటలు గాల్లో ముక్కలుగా వినిపించేవి, ఆపైన అవీ ఉండేవి కావు. వాళ్ళు ఇరవై నిమిషాల్లో పైకెళ్ళి, ట్యాంకు పక్కన టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్ళు. మావయ్య ఇరవై ఎనిమిది నిమిషాలకు చేరేవాడు. ఆయన సైకిల్‌కు స్టాండు వేసేసరికి ముగ్గురూ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడి ఉండేవాళ్ళు. "వచ్చారా సార్, కూర్చోండి" అనేవాళ్ళు. "వద్దు వద్దు, మీరు బయల్దేరండి" అనేవాడు ఈయన. ఓ నిమిషం అటూ ఇటూ కదిలి, గ్లాసులు ఇచ్చేసి వాళ్ళు కిందికి వెళ్ళిపోయేవాళ్ళు. మావయ్య ముగ్గురు కూర్చుని లేచిన వెచ్చటి బెంచీ మీద ఒక్కడే కూర్చుని టీ తాగేవాడు.

"మూడు నిమిషాలు చాలమ్మాయ్" అన్నాడు ఒక శనివారం, పేపర్ మడుస్తూ. "మూడు నిమిషాలు ముందు చేరితే వాళ్ళతో కూర్చోవచ్చు. ఏం మాట్లాడుకుంటారో వినొచ్చు."

"కాసేపు ఆగమని చెప్పొచ్చుగా మావయ్యా?"

"ఆగండి అని ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పాను. షట్టరు దించుకుంటున్న ప్రతివాడికీ చెప్పాను. ఇంక చెప్పను."

పోయాయనుకున్న ఆ మూడు నిమిషాలు సైకిల్లో ఎక్కడో దాక్కున్నాయని ఆయన నమ్మకం. తూకంలో తేడా వస్తే త్రాసులో వెతికిన మనిషి మరి. వెతకడానికి స్పానరక్క దగ్గరకు వెళ్ళాడు.

స్పానరక్క అసలు పేరు నాకు తెలియదు, అడిగే చొరవా లేదు. వాళ్ళ నాన్న పెట్టిన సైకిల్ షాపు ఆవిడ చేతికొచ్చి పదిహేనేళ్ళయింది. నలభై దాటిన మనిషి. మోచేతుల దాకా గ్రీజు, చెవి వెనక పెన్సిలు. సరుకు అమ్మడం కన్నా అమ్మకపోవడంలోనే ఆవిడకు ఎక్కువ సరదా అని వీధిలో చెప్పుకుంటారు.

మొదటిసారి ఆవిడా మావయ్యా ఒక్క చూపులో కలిసిపోయారు. చైన్ సాగిందో లేదో చూడటానికి ఆవిడ స్టీలు స్కేలు తీసింది. పన్నెండు జతల లంకెలు కొలిస్తే సరిగ్గా అడుగు రావాలి. మావయ్య సంచిలోంచి తన స్కేలు తీశాడు, శాఖ ముద్ర ఉన్నది. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. గీతకు గీత సరిపోయింది. చైన్ మాత్రం అడుగు దాటి రెండు నూలుపోగులంత ముందుకొచ్చింది.

"ఇది మార్చాల్సిందే సార్. లేకపోతే పళ్ళన్నీ తినేస్తుంది. దీనికి ఖర్చు పెట్టండి, తప్పులేదు. పాత మురికి కడిగి నూనె వేస్తాను, అదీ దండగ కాదు."

"మరి పుల్లీలు?"

"బాగానే తిరుగుతున్నాయిగా?"

"బేరింగులున్నవి ఉంటాయటగా. తేలిగ్గా తిరుగుతాయట."

"ఉంటాయి. పింగాణీ గుండ్లు పెట్టినవి కూడా ఉంటాయి. ఆ ధరకి మీరు ఇంకో సైకిల్‌కి ముందు చక్రం కొనుక్కోవచ్చు. వద్దు."

ఆమె వద్దన్నకొద్దీ ఆయన పట్టుబట్టాడు. ముందు ఇనుప బుష్షులున్న జత, తర్వాత బేరింగుల జత, ఆ తర్వాత పింగాణీ గుండ్ల జత. "వద్దని చెప్పడం నా వంతు, వినకపోవడం మీ వంతు. ఇద్దరం పని సరిగ్గానే చేస్తున్నాం" అంటూ ప్రతిసారీ తెప్పించి పెట్టింది.

పింగాణీ జత వేయించిన శనివారం నేను షాపులోనే ఉన్నాను. నా సైకిల్‌కు పంక్చర్ వేయించుకుంటూ మూల బల్ల మీద కూర్చున్నాను. మావయ్య సైకిల్‌ను స్టాండు మీదికెక్కించి, పెడల్‌ను వేలితో వెనక్కి తిప్పి వదిలాడు. పెడల్ తిరుగుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు. అప్పుడాగింది.

"చూశావా అమ్మాయ్! పాతవాటితో ఒకటిన్నర చుట్టుకే ఆగేది. నాలుగు! రెట్టింపు దాటింది."

పదేళ్ళ పిల్లాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. స్పానరక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"సార్, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకండి."

"అను."

"త్రాసు పళ్ళెంలో ఏమీ వేయకుండా ముల్లు ఎంత చక్కగా ఊగుతోందో చూడండంటే మీరు ఒప్పుకునేవాళ్ళా?"

మావయ్య పెడల్ మీంచి చెయ్యి తీశాడు.

"గాల్లో వేలితో తిప్పితే నాలుగు చుట్లు వస్తాయి, నిజమే. మీరెక్కి గుట్ట తొక్కేటప్పుడు బరువంతా లాగేది చైన్ పైవైపు. కిందివైపు వదులుగా వేలాడుతుంది. ఈ పుల్లీలు ఉండేది ఆ వదులు వైపే. అక్కడ ఎంత ఆదా అయినా మొత్తం గుట్టకి రెండు సెకన్లు రావు. టైర్లలో గాలి సరిగ్గా ఉంటే అంతకన్నా ఎక్కువ లాభం."

"మరి వాళ్ళకెలా వచ్చింది?" అన్నాడు మావయ్య.

"ఎవరికి?"

"ఆ ముగ్గురికీ. వాళ్ళు కూడా మార్పించారు. నీ దగ్గర కాకపోతే ఇంకెక్కడో."

స్పానరక్క నవ్వింది. "మార్పించడమా! కళ్ళజోళ్ళాయన చైన్ చూశారా? తుప్పుతో బిగుసుకుపోయి గొలుసా కడ్డీయా అన్నట్టుంది. బ్యాంకాయన బ్రేకు రబ్బర్లు మార్చుకోమని మూడు నెలలుగా మొత్తుకుంటున్నాను, నా మాట చెవిన వేసుకుంటేగా. మాస్టారైతే నూనె చుక్క కూడా అడిగి వేయించుకోడు. వాళ్ళ సైకిళ్ళు మూడూ నా చేతిలోనివే. ఒక్క పుల్లీ మారలేదు."

"అబద్ధం. రికార్డుంది."

సంచిలోంచి నోటుబుక్ తీశాడు. అలాంటివి ఆయన దగ్గర చాలా ఉన్నాయి, శాఖలో ఇచ్చిన గట్టి అట్ట పుస్తకాలు. ప్రతి ఆదివారానికీ ఒక వరస: తాను చేరిన సమయం, పక్కన వాళ్ళు లేచిన సమయం. కొత్త చైన్ వేసిన వారం తాను ఇరవై ఏడున్నర నిమిషాలకు చేరాడు. వాళ్ళు లేచింది కూడా ఇరవై ఏడున్నరకే. బేరింగుల జతకు ఐదు సెకన్లు అటూ ఇటూ అయినా రెండు అంకెలూ ఒకటే. వెనకగాలి వీచిన వారం ఇరవై ఆరు నిమిషాల యాభై సెకన్లకే చేరాడు. ఆ రోజు వాళ్ళూ అప్పుడే లేచారు.

"చూడు. నేను నలభై సెకన్లు ముందొస్తే వాళ్ళూ నలభై సెకన్లు ముందే లేస్తున్నారు. నేనెంత తగ్గిస్తే వాళ్ళూ అంతే తగ్గిస్తున్నారు. ముందే చేరి, ముందే తాగి, ముందే లేస్తున్నారు. ఏమీ మార్పించకుండా అదెలా సాధ్యం?"

స్పానరక్క పుస్తకం దగ్గరగా పట్టుకుని చూసింది. గ్రీజు వేలు పేజీకి తగలకుండా జాగ్రత్తగా ఒక వరస మీద ఆపింది. ఆ వరస మీద అడ్డంగా ఎర్రగీత ఉంది.

"ఇదేంటి, కొట్టేశారు?"

"ఆ రోజు పంక్చరు. సగం దూరం తోసుకుంటూ వెళ్ళాను. అసాధారణ రీడింగు. అలాంటివి లెక్కలోకి తీసుకోకూడదు."

"నలభై ఒక్క నిమిషాలు."

"అవును."

"ఆ రోజు వాళ్ళెప్పుడు లేచారు?"

మావయ్య పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. గీత కింది అంకె చదవడానికి కళ్ళజోడు పైకి జరిపాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. నాకు తెలిసి ఆయన ఏ అంకెనూ రెండోసారి చదవడు.

"నలభై ఒకటి."

"అంటే మీకోసం ఇరవై నిమిషాలు బెంచీ మీదే కూర్చున్నారు."

పంక్చర్ అతికించిన నా ట్యూబు నీళ్ళ తొట్టిలో బుడగలు రాకుండా మునిగి ఉంది. దాన్ని తీయడం స్పానరక్క మర్చిపోయింది.

"ఆ బెంచీ మీద ఎంతమంది పడతారు సార్?" అని అడిగింది, ఈసారి మెల్లగా.

"ముగ్గురు. ఇరుక్కున్నా ముగ్గురే."

అక్కడితో ఆయనకు అర్థమైంది. వాళ్ళు వెళ్ళిపోవడానికి లేవడం లేదు. పెద్దాయన ఒగరుస్తూ వస్తున్నాడు, కూర్చుంటాడని లేస్తున్నారు. మూడు నిమిషాలు ముందు చేరినా మూడు నిమిషాలు ముందే లేస్తారు. వాళ్ళకన్నా ముందే పైకి చేరినా బెంచీ ఈయనకే వదిలి నిలబడతారు. "వద్దు, బయల్దేరండి" అని ఈయనే ప్రతివారం వాళ్ళను పంపించేస్తున్నాడు.

బజార్లో తనను చూసి లేచినవాళ్ళు ఎందుకు లేచారో ఆయనకు ఎప్పుడూ తెలుసు. ఇక మీదట తనను చూసి లేచేవాళ్ళు ఉండరని రిటైరైన రోజే రూఢి చేసుకున్నాడు. అందుకే ఎదురుగా ముగ్గురు మనుషులు లేచి నిలబడి "కూర్చోండి" అంటుంటే, సెలవు తీసుకుంటున్నారనుకున్నాడు.

"పింగాణీవి తీసేయనా సార్? కొత్తవే కదా, వెనక్కి పంపి చూస్తాను" అంది స్పానరక్క.

"ఉండనీ."

"ఉపయోగం లేదని మీకే తెలిసిందిగా?"

"తప్పు తూకం వేసింది నేను. అవి కాదు."

ఆ సాయంత్రం మేమిద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. ఆయనేమైనా అంటాడేమోనని చూశాను. నేనేమైనా అనాలేమోనని కూడా అనుకున్నాను. వాక్యాలు నాలుగైదు తయారు చేసుకున్నాను, ఒక్కటీ నోటిదాకా రాలేదు. వాటా తలుపు దగ్గర ఆయన, "బెంచీ ఇంకో జానెడు పొడుగుంటే సరిపోయేది" అన్నాడు. అంతే. మర్నాడు ఆదివారం ఆయన గుట్టకు వెళ్ళలేదు. ఆపై ఆదివారమూ వెళ్ళలేదు. వెళ్ళి ఏమనాలో తెలియలేదు కాబోలు.

మూడో వారం శనివారం నేను వెళ్ళేసరికి అటక మీది సామాను నేల మీద ఉంది. మావయ్య ఆ పాత క్యాన్వాసు స్టూలును తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచి, వంటింట్లో త్రాసు మీద పెట్టాడు.

"రెండు కిలోల నూట అరవై గ్రాములు" అన్నాడు.

ఆ పింగాణీ జత పాత జతకన్నా పద్దెనిమిది గ్రాములు తేలికని వేయించే ముందు ఆయనే నాకు గొప్పగా చెప్పాడు. గుర్తు చేయలేదు. ఆయనకు గుర్తుందని తెలుసు.

ఆదివారం సంగతి ఆయన ఫోన్‌లో చెప్పింది మూడు ముక్కలు. మిగతాది తర్వాత ఒకసారి ఆయనతో గుట్ట మీదికి వెళ్ళినప్పుడు టీకొట్టాయన చెప్పాడు.

స్టూలు వెనక క్యారియర్‌కు కట్టుకుని తొక్కాడు. చేరేసరికి ముప్పై ఒక్క నిమిషాల ఇరవై సెకన్లు. పంక్చరు రోజు తప్ప ఎన్నడూ లేనంత ఆలస్యం. ముగ్గురూ లేచారు. "రెండు వారాలు రాలేదేంటి సార్, ఒంట్లో బాగుందా? కూర్చోండి" అన్నాడు బ్యాంకాయన. మావయ్య తాడు విప్పాడు. ముడి బిగుసుకుని విప్పడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళు నిలబడి చూస్తూనే ఉన్నారు. స్టూలు తెరిచి, బెంచీకి ఎదురుగా వేసుకుని, కూర్చుని, "మీరు కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నారు.

"సార్, మీరు ఇంత కిందికి కూర్చుంటే మేం మీకేదో పాఠం చెబుతున్నట్టుంది" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"పాఠం చెప్పేది నేనొక్కణ్ణే ఇక్కడ. మీరు కళ్ళద్దాలు అమ్ముకోండి" అన్నాడు లెక్కల మాస్టారు.

నవ్వులయ్యాక మాటలు ఆగాయి. ఆయన వస్తే మాటలాగడం పాత అలవాటే కదా. మావయ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని ఇంటి నుంచే సిద్ధం చేసుకుని వచ్చినట్టున్నాడు. పుల్లీల గురించి మొదలుపెట్టాడు. మూడుసార్లు జతలు మార్చానని, వేలితో తిప్పితే నాలుగు చుట్లు తిరిగాయని, చైన్ కిందివైపు వదులుగా ఉంటుందని.

"అయితే మొత్తానికి ఎంత తేడా వచ్చింది సార్?" అని మాస్టారు ముందుకు వంగి అడిగాడట.

"ఏమీ రాలేదు."

"ఏమీనా?"

"ఏమీ. చైన్ మార్చుకోండి, నూనె వేసుకోండి, చాలు. మీది గొలుసా కడ్డీయా తెలియడం లేదటగా" అన్నాడు కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి. బ్యాంకాయన పకపకా నవ్వితే గ్లాసులో టీ ఒలికింది. ఎందుకు మార్పించారని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో నాకు తెలియదు.

ఆ తర్వాత వాళ్ళు ముగ్గురూ వాళ్ళ మాటల్లో పడ్డారు. బ్యాంకులో ఏదో కంప్యూటరు మొరాయించిన సంగతి, మాస్టారు కూతురి పరీక్ష. మావయ్యకు తెలియని పేర్లు, ఎప్పుడో మొదలైన కథలు. మధ్యలో ప్రశ్న వేయకుండా విన్నాడు. ఆరున్నర నిమిషాలు. పుస్తకంలో ఆ ఆదివారం వరసలో మొదటిసారి రెండు అంకెలూ వేర్వేరుగా ఉన్నాయి.

తర్వాత వాళ్ళు లేచారు. ఈసారి నిజంగానే వెళ్ళడానికి లేచారు. "వస్తాం సార్, వచ్చే వారం కూడా స్టూలు తెస్తారుగా?" అన్నాడు బ్యాంకాయన. తెస్తానన్నాడు. బ్రేకులు కీచుమంటూ మూడు సైకిళ్ళూ మలుపు తిరిగాయి. మాటలు కాసేపు గాల్లో ముక్కలుగా వినిపించాయి.

మావయ్య ఇంకో టీ చెప్పాడు. టీకొట్టాయన గ్లాసు తెచ్చి, "ఆ స్టూలు మీద నడుం నొప్పి సార్. బెంచీ ఖాళీయేగా, ఇటొచ్చి కూర్చోండి" అన్నాడు.

"పర్లేదు" అన్నాడట మావయ్య. ఖాళీ బెంచీకి ఎదురుగా, ఆ స్టూలు మీదే కూర్చుని టీ తాగాడు.